పగిలినవే పాసు

వర్క్‌షాపు వెనక వీధి, మూడో వాటా
ఫిబ్రవరి 9

అక్కకి,

నీకు ఫోను వినపడదు, నాకు గొంతు పెంచి అరవడం చేతకాదు. అందుకని ఈ ఉత్తరం. ఇద్దరం బతికే ఉన్నామని ఇద్దరికీ తెలుసు కనుక ఆ కబుర్లు వదిలేసి అసలు సంగతికి వస్తున్నాను.

మిల్లు క్యాంటీన్లో ఇరవై ఆరేళ్ళు నువ్వు వేయించిన మజ్జిగ డోనట్లు ఎలా చెయ్యాలో రాసి పంపు. పాతకాలపువి, ఈస్టు లేనివి. కొలతలతో సహా కావాలి. ‘కాస్త’, ‘కొంచెం’, ‘చూసుకుని’ లాంటి మాటలు వద్దు. ముప్పై నాలుగేళ్ళు రైలు పెట్టెల ఇరుసుల్లో వెంట్రుకంత పగులు వెతికినవాణ్ణి. ఎంతో చెబితే అంత వేస్తాను, చూసుకుని వెయ్యడం నా వల్ల కాదు.

ఎందుకని అడగకు. రిటైరై ఐదు నెలలైంది, చేతులకి పనిలేక తోచడం లేదు. అంతే.

నీ మరదలు బాగానే ఉంది.

నీ తమ్ముడు


మిల్లు గేటు ఎదుటి మేడ, పై గది
ఫిబ్రవరి 20

ఒరేయ్ సుద్దముక్కా,

చెవి మీద వర్క్‌షాపు సుద్దముక్క పెట్టుకుని పెళ్ళిపీటల దాకా వెళ్ళినవాడివి, రిటైరయ్యాక కూడా నిన్ను అలాగే పిలుస్తాను. చిన్నప్పుడు నీ వాటా తీపి నా పళ్ళెంలోకి తోసేసేవాడివి. ఇప్పుడు నీకు డోనట్లు కావాలా? నమ్మేశాను, ఫో.

కొలతలు అడిగావు. నీ ఉత్తరం చూసి మూడు రోజులు తెల్లమొహం వేసుకుని కూర్చున్నాను. ఎందుకంటే నా దగ్గర కొలతల్లేవు. ఎప్పుడూ లేవు. రెండు దోసిళ్ళ మైదా, కుడిచేత్తో రెండు గుప్పిళ్ళ పంచదార, అంతే నాకు తెలిసింది. చివరికి కింది వాటాలో ఉండే పోస్టాఫీసు గుమాస్తాని పట్టుకున్నాను. పార్సిళ్ళు తూచే మిషను సాయంత్రం ఇంటికి తెచ్చింది. దోసిలితో మైదా తీసి పోశాను. నూట నలభై గ్రాములు. మళ్ళీ తీశాను. నూట నలభై ఒకటి. ‘కళ్ళు మూసుకుని తియ్యండి పిన్నిగారూ’ అంది. తీశాను. నూట నలభై.

ఆవిడ నోరు తెరుచుకుని నా చేతుల వంక చూసింది. నేనూ చూసుకున్నాను. ఇన్నేళ్ళూ ఈ చేతులు నాకు చెప్పకుండా లెక్కలు చేస్తున్నాయన్నమాట! ఆ పూట గిన్నెలు కూడా తోమబుద్ధి కాలేదు, కాసేపు వాటిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

రాసుకో. మైదా రెండు వందల ఎనభై గ్రాములు. పంచదార వంద. ఒకటిన్నర చెంచాల బేకింగ్ పౌడరు, అర చెంచా ఉప్పు. కరిగించి చల్లార్చిన వెన్న ముప్పై గ్రాములు, రెండు గుడ్ల పచ్చసొన. రెండు రోజులు పులిసిన చిక్కటి మజ్జిగ నూట యాభై మిల్లీలీటర్లు. కలిపితే చేతికి అంటుకుంటుంది. కంగారుపడి పిండి ఎక్కువ పొయ్యకు, పిసకకు. మూతపెట్టి రెండు గంటలు ఫ్రిజ్‌లో ఉంచు. వేలిమందాన వత్తి, గుండ్రంగా కోసి, నడుమ చిల్లు తియ్యి. నూనె మరీ కాగకూడదు. చెక్క గరిటె కాడ ముంచితే చుట్టూ బుడగలు నింపాదిగా రావాలి. వేయించాక పంచదార పొడిలో పాలు కలిపి, ఆ జారులో ముంచి తియ్యి.

ఇక మీ ఆవిడ సంగతి. తొమ్మిదేళ్ళుగా ప్రతి ఉత్తరంలోనూ ‘నీ మరదలు బాగానే ఉంది’ అనే రాస్తున్నావు. నేను అడగలేదు. అడగను కూడా.

అక్క


వర్క్‌షాపు వెనక వీధి
మార్చి 3

అక్కకి,

మొదటి విడత పూర్తయింది. నివేదిక ఇది.

కొలతలు నువ్వు చెప్పినట్టే. కొయ్యడానికి గాజుగ్లాసు, నడుమ చిల్లుకి మందు సీసా మూత వాడాను. నూనె వేడి వర్క్‌షాపు థర్మామీటరుతో చూశాను, నూట అరవై ఎనిమిది డిగ్రీలు. మొత్తం పది వేశాను. అందులో ఏడింటికి పగుళ్ళు. చిన్నా చితకా కాదు, చుట్టూ తిరిగిన పగుళ్ళు. ఒకటైతే రెండుగా విడిపోతుందేమో అన్నంత. ఆ ఏడింటినీ ఫెయిల్ చేసి, ఎదురింటి కుక్కకి వేశాను. అది చాలా సంతోషించింది. నున్నగా, మచ్చ లేకుండా వచ్చినవి మూడే.

లోపం ఎక్కడుందో చెప్పు. మజ్జిగలోనా, నూనెలోనా? ఆ మూడూ చూడ్డానికి బాగున్నాయి గానీ తింటే అరిగిపోయిన సబ్బుబిళ్ళలా ఉన్నాయి.

నీ తమ్ముడు


మిల్లు గేటు ఎదుటి మేడ
మార్చి 11

ఒరేయ్ తింగరోడా,

నీ ఉత్తరం చదివి నవ్వలేక చచ్చాను. పొట్ట పట్టుకుని మంచం మీద పడిపోతే, నాకేదో అయిందని గుమాస్తా పరిగెత్తుకొచ్చింది. ఆవిడకి ఉత్తరం చూపించాను, ఆవిడా పడింది.

పగిలినవే పాసురా! నున్నగా వచ్చిన మూడే ఫెయిలు! ఆ కుక్క నీ కంటే తెలివైనది.

ఈ రకం డోనట్‌కి పగులే ప్రాణం. పైన గట్టిపడ్డాక లోపలి పిండి పొంగి, దారి చేసుకుని బయటికొస్తుంది. ఆ విచ్చుకున్న అంచులే కరకరలాడతాయి. పంచదార జారు ఆ పగుళ్ళలోకే దిగి నిలుస్తుంది. పగలకపోతే లోపలికి ఏదీ పోదు, లోపల్నించి ఏదీ రాదు. ఇంత చిన్న సంగతి ప్రత్యేకంగా చెప్పాలని నాకు తట్టలేదు. పగులు కనిపిస్తే తప్పు అనుకునే మనిషి ఈ లోకంలో నువ్వొక్కడివేనేమో. అందులో నీ తప్పు లేదులే, ఇన్నేళ్ళు జీతం ఇచ్చి వాళ్ళు నేర్పింది అదే కదా.

ఇంకో సంగతి. మందు సీసా మూత అన్నావు. మీ ఇంట్లో గ్లాసంచు సగం సైజు మూత ఉన్న సీసా అంటే పెద్ద సీసానే. ఎవరి మందురా అది? నా మీద ఒట్టు, దాచకు.

అక్క


వర్క్‌షాపు వెనక వీధి
మార్చి 19

అక్కా,

మందు ఆవిడదే. నవంబరులో జ్వరం వచ్చింది. పది రోజుల్లో తగ్గింది. తగ్గాక చూస్తే వాసన లేదు, రుచీ లేదు. వారంలో వస్తుందన్నారు, నెలలో వస్తుందన్నారు. నాలుగు నెలలైంది. డాక్టరమ్మ బలానికి టానిక్కు ఇచ్చింది. బాగా ఎరిగిన వాసనలు రోజూ చూపిస్తూ ఉండమంది. రావచ్చు, రాకపోవచ్చు అంది.

నీకు తెలుసుగా ఆవిడ ఎలా తింటుందో. ఎలా మాట్లాడుతుందో. నేను డ్యూటీ నుంచి వస్తే వీధి మొదట్లోనే ఆవిడ గొంతు వినిపించేది. ఇప్పుడు ఇంట్లో గోడ గడియారం చప్పుడు వినిపిస్తోంది అక్కా. అది చప్పుడు చేస్తుందని నాకింతవరకూ తెలియదు. గట్టి కాగితం నమిలినట్టుందని రెండు ముద్దలు తిని లేచిపోతుంది. పదకొండు కిలోలు తగ్గింది. ఒకరోజు గిన్నె అడుగంటి ఇల్లంతా పొగ కమ్మినా, పక్కనే కూర్చుని ఉండి కూడా తెలుసుకోలేకపోయింది. ఆ రోజు నుంచి వంటగదిలోకి రావడం మానేసింది. వంట నాదే.

జనవరిలో ఒకసారి, ఏం తినాలనుందో చెప్పు అని మరీ పట్టుబట్టాను. ‘మీ అక్క డోనట్లు వేయించేటప్పుడు మిల్లు గేటు దాకా వాసన వచ్చేది చూడండి, అది’ అంది. అని, ‘వద్దులెండి’ అని అటు తిరిగి పడుకుంది.

అందుకే రాశాను. ఆవిడకని చెబితే నువ్వు ఇవ్వవేమోనని దాచాను. ఆవిడకి చెబితే వద్దంటుందని అక్కడా దాచాను. నాకు భయంగా ఉంది అక్కా. ఇలాగే తగ్గిపోతూ పోతే ఆవిడ నాకు మిగలదు.

నీ తమ్ముడు


మిల్లు గేటు ఎదుటి మేడ
మార్చి 26

తమ్ముడూ,

ఆ మనిషికని చెబితే ఇవ్వననుకున్నావా? అలా అనుకునేలా చేసుకున్నది నేనే కాబట్టి నిన్నేమీ అనను.

తొమ్మిదేళ్ళ కిందట ఆ రోజు ఏం జరిగిందో నీకు సగమే తెలుసు. ఆదివారం నా వంటింట్లో పదిమంది ఉన్నారు. వాళ్ళందరి ముందూ, ‘వదినా, డోనట్ల కొలతలు చెప్పండి, నేనూ నేర్చుకుంటాను’ అని ఎంతో ఇష్టంగా అడిగింది. నా దగ్గర కొలతలు లేవు. ఇరవై ఆరేళ్ళు క్యాంటీన్లో వేయించినదానివి, అదీ తెలియదా అని నవ్వుతారని సిగ్గేసింది. క్యాంటీను మేనేజరు ఎప్పుడూ అనే మాట నోటికొచ్చింది. ‘ఇది బయటివాళ్ళకి చెప్పేది కాదు’ అనేశాను. చేతిలో ప్లేటు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. అప్పటికి నీ ఇంటికొచ్చి ఇరవై నాలుగేళ్ళయింది ఆ పిల్ల. ఆ మాట వెనక్కి తీసుకోవడానికి రెండు నిమిషాలు చాలు. నేను తొమ్మిదేళ్ళు తీసుకున్నాను.

ఇంకా సిగ్గుపడే విషయం చెప్పనా? మొదటి ఉత్తరంలో నీకు కూడా ఒక వస్తువు దాచాను. జాజికాయ. మిల్లు గేటు దాకా వెళ్ళే వాసన దానిదే. అదొక్కటీ నా దగ్గరే ఉండాలన్న పంతం. ఈ వయసులో ఇంత చిన్న బుద్ధి ఉండటం నాకే వింతగా ఉంది.

ఈ ఉత్తరంతో పాటు పార్సిల్లో ఒక జాజికాయ పంపుతున్నాను. అరగదీసి పావు చెంచా పిండిలో కలుపు. తొందరగా చెయ్యి. ఎలా ఉందో రాయి. తిన్నా రాయి, తినకపోయినా రాయి.

అక్క


వర్క్‌షాపు వెనక వీధి
ఏప్రిల్ 6

అక్కా అక్కా అక్కా,

కూర్చుని చదువు.

జాజికాయ అందింది. గట్టి సరుకే పంపావు! ఊపితే లోపల గింజ గలగలమంది. పైన ఉన్న నల్లటి డొప్పని ఆకురాయితో ఓపిగ్గా అరగదీశాను, మెత్తటి పొడి వచ్చింది. గింజని పారెయ్యడానికి మనసొప్పక వరండాలో పూలకుండీలో పాతిపెట్టాను. మొలిస్తే నీకో మొక్క.

ఆదివారం పొద్దున్న నూనె పెట్టాను. ఆవిడ వంటింటి గుమ్మం దాకా వచ్చి నిలబడింది. నాలుగు నెలల్లో అంత దూరం రావడం అదే మొదటిసారి. ‘మీ అక్క చెప్పిందా?’ అంది. అవునన్నాను. ‘జాజికాయ కూడా పంపింది’ అన్నాను. స్టూలు లాక్కుని కూర్చుంది.

మొదటిది నూనెలో వదిలాను. బుడుంగున అడుక్కి పోయింది. పోయిందిరా అనుకుంటుండగా తేలింది. కాసేపు ఊరికే తేలుతూ ఉంది. తిప్పాను. అప్పుడు చూశాను అక్కా. నున్నటి ఒంటి మీద ముందు దారమంత గీత. ఆ గీత కదిలింది. నేను చూస్తుండగానే గుండ్రంగా చుట్టూ నడిచి, మొదలైన చోటికే వచ్చి కలిసింది. కలవగానే అంచు విచ్చుకుంది. లోపల్నించి లేతపసుపు పిండి పైకొచ్చి అక్కడే బంగారు రంగు తిరిగింది.

నా జన్మంతా పగుళ్ళతోనే గడిచింది. ఇరుసుకి కిరసనాయిలు పూసి, తుడిచి, సుద్ద రాసి, పగుల్లో దిగిన నూనె సుద్ద మీద తడిగీతగా తేలుతుందేమోనని ఊపిరి బిగబట్టి చూసేవాణ్ణి. తేలితే ఆ ఇరుసు పని అయిపోయినట్టే. కొన్ని వేల పగుళ్ళు చూశాను. అన్నీ పుట్టాక చూసినవే. పుడుతుండగా ఒక్కటీ చూడలేదు. పగులు పుట్టడం ఇంత అందంగా ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. నీకు రోజుకి రెండు వందలు కనిపించేవి కదా, నువ్వైనా చెప్పాల్సింది! ‘పగిలింది! పగిలింది!’ అని వంటింట్లో ఎగిరాను. పక్కింటి వాళ్ళు ఏ సామానో పగిలిందనుకుని కిటికీలోంచి తొంగిచూశారు.

ఇప్పుడు అసలుది. ఆవిడ పంచదార జారులో ముంచిన వేడివేడిది ఒకటి తీసుకుంది. విరిచింది. ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంది. నేను గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయాను. ‘జాజికాయ’ అంది అక్కా. ‘జాజికాయ వాసన వస్తోందండీ’ అంది!

మూడు తింది. మూడు! నేను ఏడ్చాను. రాయడానికి నాకేం సిగ్గు లేదు. పొయ్యి మీదున్నవి నాలుగూ మాడిపోయాయి, మాడనీ.

నీ చేతులకి దణ్ణం.

తమ్ముడు


మిల్లు గేటు ఎదుటి మేడ
ఏప్రిల్ 13

మరదలికి,

ఈ కవరు మీద నీ పేరే రాశాను. ఉత్తరం వాడికి చూపించకు. చదివాక చింపేసినా సరే.

ముందు చెప్పాల్సింది ముందు చెబుతాను. ఆ రోజు నిన్ను ‘బయటివాళ్ళు’ అన్నాను. తప్పు నాది. కొలతలు తెలియక అన్న మాట అది. నువ్వు పరాయిదానివని కాదు. క్షమించమని అడగడానికి ఇంతకాలం పట్టింది, దానికి కూడా క్షమించు.

ఇక రెండోది. మా తమ్ముడు ఎగిరి గంతేస్తూ ఉత్తరం రాశాడు. అందులో, జాజికాయ డొప్ప అరగదీసి పిండిలో కలిపానని, లోపలి గింజని కుండీలో పాతానని రాశాడు. అమ్మాయీ, డొప్పకి వాసన ఉండదు. అది ఉత్త చెక్క. వాసనంతా ఆ గింజదే. ఆదివారం నువ్వు కళ్ళు మూసుకుని జాజికాయ అన్నప్పుడు, ఆ గింజ మీ వరండాలో మట్టికింద ఉంది.

నేను వాడికి రాయలేదు. రాయను కూడా. నిన్ను నిలదీయడానికీ రాయడం లేదు. నాకు తెలుసని నీకు తెలియాలి, అంతే. అబద్ధాన్ని ఒక్కదానివే మొయ్యడం కష్టం, నాకు అనుభవం ఉంది. డాక్టరమ్మతో మాత్రం నిజమే చెప్పు.

ఒక్కటి అడుగుతాను. వాసన లేదు, రుచి లేదు. మూడెలా తిన్నావమ్మా?

వదిన


వర్క్‌షాపు వెనక వీధి, వరండా
ఏప్రిల్ 24

వదినకి,

దొరికిపోయాను. మీ తమ్ముడి కళ్ళు కప్పడం తేలిక గానీ మీ కళ్ళు కప్పలేనని ఆ రోజే అనుకుని ఉండాల్సింది. ఆయన పక్కవీధి క్షౌరశాలకి వెళ్ళారు. వచ్చేలోపు రాసేస్తాను.

అవును, వాసన రాలేదు. డాక్టరమ్మకి నిజమే చెప్పాను. ఇంకా టైముంది, వచ్చినా రావచ్చు అంది.

ఎలా తిన్నావని అడిగారు. వదినా, ముప్పై మూడేళ్ళుగా ఆ మనిషిని చూస్తున్నాను. కొత్త బకెట్టు కొంటే తిరగేసి చూస్తారు. పెళ్ళిచూపుల్లో నేను ఇచ్చిన కప్పు వెలుతురుకి ఎత్తి చూశారు, బీట ఉందేమోనని. ఏ వస్తువు చేతికిచ్చినా ముందు లోపం కోసం వెతికే కళ్ళు అవి. నన్నూ అలాగే చూస్తారేమోనని కొత్తలో భయపడేదాన్ని. అలాంటి మనిషి ఆ ఆదివారం పొయ్యి ముందు వంగి, నూనెలోకి చూస్తూ, ‘పగిలింది! పగిలింది!’ అని చప్పట్లు కొట్టారు. ఒళ్ళంతా పిండి. కళ్ళద్దాల మీద నూనె చుక్కలు. ఆ మొహం నేనెప్పుడూ చూడలేదు. ఈ ఇంట్లో, ఈ మనిషి లోపల ఇంత సంబరం ఉందా అని నాకు ఒళ్ళు జలదరించింది. అన్నీ చూసేశాను, ఇంక తిన్నా తినకపోయినా ఒకటే అనుకుంటున్న దాన్ని. ఎంత తప్పు లెక్క!

తర్వాత ఆయన నా వంక తిరిగి చూశారు. ఆ చూపు ముందు ‘ఏమీ రావడం లేదండీ’ అనలేకపోయాను. జాజికాయ అన్నాను.

అన్నాక తినాలిగా. కొరికాను. రుచి లేదు, నిజమే. కానీ వదినా, విచ్చుకున్న అంచు పళ్ళ కింద ఫటుక్కున విరిగింది. దాని కింద మెత్తన. పగుల్లో నిలిచిన పంచదార పెదవికి చల్లగా తగిలింది. లోపల వేడి. ఇన్ని నెలలూ నోట్లో పెట్టుకున్నదల్లా ఒకేలా ఉండేది. ఇందులో ప్రతి కొరుకూ ఒక్కో తీరుగా ఉంది. నోటికి రుచి కాకుండా ఇన్ని తెలుసా అని ఆశ్చర్యపోతూ రెండోది తీసుకున్నాను. మూడోది ఆకలేసి తిన్నాను. నిజంగా ఆకలేసి. ఇప్పుడు అన్నీ తింటున్నాను, కరకరలాడేవి, చల్లనివి, ముందు వాటితో మొదలుపెట్టి. రెండు కిలోలు పెరిగాను. ఆయన గోడ మీద సుద్దతో రాసి పెట్టారు.

‘బయటివాళ్ళు’ అన్న మాట గురించి రాశారు. చదివి చాలాసేపు ఏడ్చాను. అంతకంటే ఆ మాట మీద నేను ఏమీ రాయను. కొలతలు తెలియవని అప్పుడే ఒక్కమాట అని ఉంటే ఇద్దరం కలిసి నవ్వుకునేవాళ్ళం కదా, అదొక్కటే బాధ.

ఇప్పుడు నాకొక చిక్కొచ్చి పడింది. మీరే గట్టెక్కించాలి. వాసన వచ్చేసిందని ఆయన రోజూ పొద్దున్నే ఏదో ఒకటి తెచ్చి నా ముక్కు దగ్గర పెడుతున్నారు. సబ్బు, కాఫీపొడి, కొత్త నోటుపుస్తకం. ‘ఎలా ఉంది? ఎలా ఉంది?’ అంటారు. ఇన్నాళ్ళూ గుర్తున్నవి చెప్పుకొచ్చాను. ఆ గుర్తులు అరిగిపోతున్నాయి వదినా. నిన్న వాన పడితే కిటికీ తెరిచి పిలిచారు. తడిమట్టి వాసన ఎలా ఉండేదో ఎంత తవ్వుకున్నా దొరకలేదు. ‘చల్లగా ఉంది’ అన్నాను. ఆయన మురిసిపోయారు. నిజంగా వచ్చిన రోజున నేనే ఆయన ముందు నిలబడి ఒప్పుకుంటాను. అప్పటిదాకా ఆ మొహంలో వెలుగు ఆర్పలేను.

మీ ముక్కు బాగా పనిచేస్తోంది కదా. మీరు ఎరిగిన వాసనలన్నీ నాకు రాయండి. ఒక్కోటి ఎలా మొదలవుతుందో, లోపల ఎక్కడ తగులుతుందో, దేన్ని గుర్తుకు తెస్తుందో. కొలతలు అక్కర్లేదు, మీకు తోచినట్టు రాయండి. నేను చదువుకుని ఆయనకి చెబుతాను.

ముందుగా పులిసిన మజ్జిగది రాయండి. వచ్చే నెల రెండో ఆదివారం ఆయన మళ్ళీ పిండి కలుపుతారు. ఆ గిన్నె నా ముందుకు తెచ్చేలోపు మీ ఉత్తరం నాకు అందాలి.

మీ మరదలు